కిస్‌మిస్‌లు తేలేలోగా: ఫిన్లాండ్ ఇంటి పానీయాల వెంట ఎనిమిది రోజులు

మొదటి రోజు, ఏప్రిల్ 24: హెల్సింకి

ఫిన్లాండ్‌లో ఇంటి పానీయాలు చూడాలంటే ఏప్రిల్ ఆఖరి వారాన్ని మించింది లేదు. భూర్జ చెట్లలో రసం ఊరేది అప్పుడే. పోయిన వేసవి బెర్రీలతో పెట్టిన వైను తేటపడేదీ అప్పుడే. మే 1న వచ్చే వప్పు పండగ కోసం సిమా అనే నిమ్మ పానీయం కలిపేదీ అప్పుడే. సహ్తి అనే పల్లె బీరుకు కాలంతో పని లేదు. ద్రాక్ష ఒక్కటే ఇంకా మోడుగా ఉంటుంది. మోడుగా ఉన్నప్పుడు చూస్తేనే అక్కడ దాని కష్టం తెలుస్తుంది.

ఊళ్లో దిగగానే మొదట సిమా కలిపేయాలి. వారం పట్టే పానీయం కాబట్టి ఇవాళ కలిపితే మే 1కి సరిగ్గా అందుతుంది. ఐదు లీటర్ల కొలత ఇది: మామూలు పంచదార పావు కిలో, ఫరీనిసోకెరి అనే గోధుమరంగు పంచదార పావు కిలో, రెండు పెద్ద నిమ్మకాయలు, బఠానీ గింజంత పచ్చి ఈస్టు, గుప్పెడు కిస్‌మిస్‌లు. నిమ్మకాయ అంటే మన పలుచని నిమ్మ కాదు, మందపాటి పసుపు తొక్కది. పైపొర మాత్రం పల్చగా చెక్కి తీసుకోవాలి. దాని కింది తెల్లటి పొరను పూర్తిగా ఒలిచి పారేయాలి. చేదంతా అందులోనే ఉంటుంది, వారం నానితే ఇంకేమీ తెలియనివ్వదు.

నీళ్లలో సగం మరిగించి, పంచదారలు రెండూ, నిమ్మ తొక్క, చక్రాలుగా తరిగిన నిమ్మకాయలు వేసి కరిగించాలి. తక్కిన సగం చన్నీళ్లు పోస్తే గోరువెచ్చగా దిగుతుంది. ఈస్టు వేసేముందు వేలు పెట్టి చూడండి. పాలు తోడు పెట్టేటప్పుడు ఎంత వేడి ఉండాలో ఇక్కడా అంతే. 45 డిగ్రీలు దాటితే ఈస్టు నీరసిస్తుంది, ఇంకా వేడైతే చచ్చిపోతుంది. మూత వదులుగా పెట్టి గదిలోనే రేపటిదాకా ఉంచాలి.

సిమా చెడిందంటే ఎక్కువసార్లు ఈస్టు ఎక్కువవడమే కారణం. చిన్న ముక్క వేయడానికి చెయ్యి రాక సగం పొట్లం వేస్తారు. రెండు రోజుల్లో బన్ను పిండి వాసన, సీసాలో తట్టుకోలేనంత గ్యాసు. ఈస్టు తక్కువైతే ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతకన్నా నష్టం లేదు.

సిమా అన్న మాటకు పాత అర్థం తేనె పానీయం. తేనె స్థానంలోకి పంచదార వచ్చింది, పేరు నిలిచిపోయింది. ఫరీనిసోకెరి రుచి మన బెల్లానికి దగ్గరే. హెల్సింకి పక్కన ఎస్పూలో ఉండే తెలుగువాళ్ల ఇంట్లో బెల్లం ఎలాగూ ఉంటుంది. పావు కిలో బెల్లంతోనూ సిమా బాగానే వస్తుంది. కాకపోతే బెల్లం నీళ్లు మరిగేటప్పుడు పైకి తేలే మురికి తీసేసి, గుడ్డలో వడకట్టాలి.

రెండో రోజు, ఏప్రిల్ 25: హెల్సింకి

ఉదయానికి గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు కనిపిస్తే చాలు. నురగ కోసం ఎదురుచూడక్కర్లేదు. వడకట్టి సీసాల్లో పోసి, ఒక్కో సీసాలో ఒక చెంచా పంచదార, ఐదారు కిస్‌మిస్‌లు వేసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. గాజు సీసాలు వద్దు. సోడా వచ్చే ప్లాస్టిక్ సీసా అయితే వేలితో నొక్కి గ్యాసు ఎంత కట్టిందో చూడొచ్చు. రాయిలా గట్టిపడితే మూత కొద్దిగా తిప్పి, బుస వదిలి, మళ్లీ బిగించాలి. అడుగున పడి ఉన్న కిస్‌మిస్‌ల ముడతల్లో గ్యాసు బుడగలు పట్టుకుని అవి పైకి తేలినప్పుడు సిమా తయారైనట్టు. ఇంతకన్నా చౌకైన కొలమానం ఎక్కడా దొరకదు.

ఈ రోజు ఇంకో పని, చట్టం తెలుసుకోవడం. ఇక్కడ 1919 నుంచి 1932 దాకా మద్యనిషేధం. అది ఎత్తేశాక ప్రభుత్వ దుకాణాలు ఆల్కో పేరుతో 1932 ఏప్రిల్ 5న ఉదయం పదింటికి తెరిచారు. ఫిన్నులు తేదీని 5.4.32 అని రాసి, పక్కన 10 చేర్చి, ఐదు నుంచి సున్నా దాకా లెక్క దిగింది చూడండంటారు. నేటికీ ఘాటైనవి ఎక్కువగా ఆల్కోలోనే. 2024 జూన్ నుంచి మాత్రం పులియబెట్టి చేసిన పానీయాలు 8 శాతం వరకు మామూలు దుకాణాల్లో అమ్మొచ్చు. ఇంటి అవసరానికి పులియబెట్టుకోవడం చెల్లుతుంది, అమ్మడం చెల్లదు. బట్టీ పెట్టి సారా దించడం నేరం. అందుకే ఈ దారిలో కనిపించేవన్నీ పులిసినవే, దించినవి కావు.

మూడో రోజు, ఏప్రిల్ 26: లమ్మి

హెల్సింకి నుంచి ఉత్తరంగా కారులో రెండు గంటల లోపే లమ్మి. హమే ప్రాంతం ఇది, సహ్తి సొంత ఊరు. ఇక్కడి లమ్మిన్ సహ్తి అనే సంస్థ 1985 నుంచి దీన్ని వ్యాపారంగా చేస్తోంది. 2002లో ఐరోపా సమాఖ్య సహ్తికి సంప్రదాయ విశిష్ట వస్తువుగా గుర్తింపు ఇచ్చింది. అయితే సహ్తి అసలు బతికేది పల్లె ఇళ్లలో, సౌనా అనే ఆవిరి స్నానాల గది పక్కన కాగు పొయ్యి ఉన్న గదుల్లో. ఆ గదికి తెల్లవారుజామునే చేరాలి, ఎందుకంటే పని పూర్తయ్యేసరికి రాత్రవుతుంది.

సహ్తి అంటే ఉడికించని బీరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తక్కినదంతా దానంతట అదే అర్థమవుతుంది. మామూలు బీరులో మాల్ట్ రసాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో గంటపాటు మరగకాస్తారు. ఆ మరుగుతో పురుగూ పుట్రా చస్తాయి, మాంసకృత్తులు గడ్డకట్టి అడుగుకు పోతాయి, చేదు దిగుతుంది. సహ్తిలో ఆ మెట్టే లేదు. దాని చిక్కదనం, మసక, తీపి, త్వరగా చెడిపోయే గుణం అన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

20 లీటర్లకు 10 కిలోల మాల్ట్. అందులో తొమ్మిది కిలోల పైచిలుకు బార్లీ మాల్ట్, అర కిలో నుంచి కిలో దాకా రై అనే ధాన్యాన్ని బాగా వేయించి చేసిన నల్లటి మాల్ట్. రంగు, రొట్టె మాడు వాసన ఆ కాస్త రైతోనే వస్తాయి. కిలోన్నర దాటితే జిగురెక్కి వడకట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది. మాల్ట్‌ను పిండి చేయకూడదు, గింజ పగిలి పొట్టు నిలిచేలా ఆడించాలి. పొట్టే తరవాత వడపోత. మన రాగి మాల్ట్ లాగే ఇదీ మొలకెత్తించి ఎండబెట్టిన గింజే. రాగిని జావ కాచి తాగేస్తాం, ఇక్కడ మొలకలోని ఎంజైములతో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్పించి ఆ చక్కెరనే తీసుకుంటారు.

నీళ్లు ఒకేసారి పోయరు. మొదట 55 డిగ్రీల నీళ్లు 10 లీటర్లు పోసి కలిపితే మొత్తం 45కు దిగుతుంది. గంటసేపు మూతపెట్టి ఉంచాలి. తరవాత 85 డిగ్రీల నీళ్లు 8 లీటర్లు, ఇప్పుడు 60 దగ్గర నిలుస్తుంది. గంటన్నర. చివరికి సలసల మరిగే నీళ్లు 12 లీటర్లు, అది 72 దాకా తీసుకెళుతుంది. ఇంకో గంట. ఎంజైములు రెండు రకాలు. 60–65 దగ్గర పనిచేసేది ఈస్టు తినగల చక్కెరను చేస్తుంది, 70 పైన పనిచేసేది ఈస్టుకు అంతుపట్టని బరువైన చక్కెరలను వదులుతుంది. మొదటి దానికి ఎక్కువసేపిస్తే ఘాటు, రెండో దానికి ఎక్కువిస్తే తీపీ చిక్కదనమూ. ఒక్కసారిగా మరిగే నీళ్లు కుమ్మరిస్తే రెండూ చచ్చి, రోజంతా గింజ నానినా గంజే మిగులుతుంది. అనుమానం వస్తే తెల్ల పింగాణీ మీద ఒక చుక్క రసం వేసి, పైన టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. నల్లబడితే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టే, కాసేపు ఆగాలి.

కలిపేటప్పుడు బద్ధకిస్తే ఉండలు కడుతుంది. ఉప్మా రవ్వ ఉండలు కట్టినట్టే, లోపల పొడిగా ఉన్నది పొడిగానే ఉండిపోతుంది. తెడ్డు పొడుగ్గా ఉండాలి, అడుగు నుంచి తిప్పాలి. ఆఖరున కాగు మీద నెమ్మదిగా 80 దాకా వేడిచేస్తారు. కొందరు మొత్తాన్ని ఒక్క పొంగు రానిస్తారు. ఈ విషయంలో పక్క పక్క ఇళ్లకే పడదు. పొంగు రానిచ్చిన సహ్తి నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది, కానీ ఆ పచ్చి ధాన్యపు రుచి కొంత పోతుంది. రుచి కావాలనుకునేవాళ్లు 80 దగ్గరే ఆపుతారు, చలి ఉంది కదా అని ధైర్యం.

ఇక కూర్నా. పొడవాటి ఆస్పెన్ దుంగను సగానికి చీల్చి తొలిచిన దోనె ఇది. మన పశువుల తొట్టిలా ఉండి, ఒక చివర అడుగున బెజ్జం, దానికి కర్ర బిరడా. ఇప్పుడు స్టీలు కూర్నాలూ వచ్చాయి, కడగడానికి అవే మేలు. అడుగున అడ్డంగా సన్న కర్రలు, వాటి మీద రై గడ్డి, గడ్డి మీద ఇవాళే కోసిన జునిపర్ అనే సూదాకుల పొద కొమ్మలు పరుస్తారు. ఆకు కొసలున్న లేత కొమ్మలే తీసుకోవాలి. బొటనవేలంత లావు కట్టె వేస్తే వగరు దిగుతుంది. జునిపర్‌తో రెండు పనులు: జల్లెడగా ఉంటుంది, తన నూనెలతో బాక్టీరియాను కొంత అదుపులో పెడుతుంది. మూడోది వాసన. అది మాత్రం అతిగా వస్తే సహ్తి నేలతుడిచే ఫినాయిల్‌ను గుర్తుచేస్తుంది.

ముద్దను గరిటెలతో కూర్నాలోకి తోడి పోస్తారు. బిరడా కొద్దిగా వదిలితే మొదట పాలలా తెల్లటి మసక వస్తుంది, దాన్ని మళ్లీ పైనే పోయాలి. మూడు నాలుగుసార్లు పోశాక రాగిరంగు తేట మొదలవుతుంది. ఇక్కడ తొందరపడి బిరడా పూర్తిగా లాగితే మొత్తం పిప్పి కిందికి దిగి, గట్టిగా పేరుకుని, ధార నిలిచిపోతుంది. అలా బిగుసుకుంటే కర్రతో నిలువుగా నాలుగు చోట్ల కోసి, పైన కాసిన్ని వేడినీళ్లు పోసి, పావుగంట వదిలేయడమే మందు. సన్నటి ధారగా 20 లీటర్లు రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పోసిన 30 లీటర్లలో 10 లీటర్లు పిప్పే పీల్చుకుంటుంది.

ఇది మొదటి రసం. రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.090 దగ్గర చూపిస్తుంది, నాలుక మీద పల్చటి పానకం. కొబ్బరిపాలలో రెండో పాలు తీసినట్టు అదే పిప్పి మీద ఇంకో పది లీటర్ల వేడినీళ్లు పోసి పల్చటి రసం తీసుకుంటారు. అది సహ్తిలో కలపరు, ఇంటి కల్యాకు వాడతారు. కల్యా అంటే పిల్లలూ తాగే, దాదాపు మత్తులేని నల్లటి పానీయం. ఈ రోజుల్లో పిప్పి లేకుండా దుకాణంలో దొరికే రై మాల్ట్ పొడితోనే ఎక్కువమంది కల్యా చేస్తున్నారు.

చీకటి పడేవేళకు రసాన్ని పాత పాల క్యాన్లలో పోసి మంచునీళ్ల తొట్టిలో దింపుతారు. ఏప్రిల్ ఆఖరున కూడా ఉత్తరం వైపు గోడ నీడలో మంచు గుట్ట కరగకుండా మిగిలి ఉంటుంది, అది ఇక్కడ ఉపయోగపడుతుంది. వీలైనంత త్వరగా 22 డిగ్రీలకు దించాలి. 40 నుంచి 30 మధ్యన ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. పుల్లబరిచే బాక్టీరియాకు ఆ గోరువెచ్చదనం అంటే పండగ.

తోడుకు వాడేది బీరు ఈస్టు కాదు, రొట్టెల ఈస్టు. 50 గ్రాముల పచ్చి ఈస్టు దిమ్మను ఒక లీటరు చల్లబడిన రసంలో కలిపి, నురగ కట్టాక క్యాన్‌లో పోస్తారు. క్యాన్‌లో మూడో వంతు ఖాళీ ఉండాలి.

నాలుగో రోజు, ఏప్రిల్ 27: లమ్మి

తెల్లారేసరికి క్యాన్ మూత కింద నుంచి నురగ పొర్లి ఉంటుంది. రొట్టెల ఈస్టుకు ఓపిక లేదు, రెండు రోజుల్లో ప్రధానమైన పనంతా ముగించేస్తుంది. ఆ ఉరుకులో తానే వేడెక్కుతుంది. క్యాన్‌ను ముట్టుకుని వెచ్చగా అనిపిస్తే మళ్లీ చన్నీళ్ల తొట్టిలో పెట్టాలి. 28–30 డిగ్రీలు దాటితే నెయిల్ పాలిష్ వాసన వస్తుంది. అదుపులో ఉంటే మగ్గిన అరటిపండు, కాస్త లవంగం వాసన. ఇవి ఎవరో కలిపిన సుగంధాలు కావు. ఆ ఈస్టు తయారుచేసేవే. మంచి సహ్తికి గుర్తు అరటిపండే.

జోరు తగ్గాక నేలమాళిగకు దించుతారు. అక్కడ 5 నుంచి 10 డిగ్రీలు. కనీసం పది రోజులు అలా ఉంచితే ఈస్టు మడ్డిగా దిగి, పచ్చి రొట్టెపిండి రుచి పోతుంది. హైడ్రోమీటరు 1.025 దగ్గర ఆగితే మత్తు 8 శాతం పైన. చేదు లేకపోవడం, చిక్కగా తియ్యగా ఉండటం వల్ల ఆ బలం నాలుకకు తెలియదు, మోకాళ్లకు తెలుస్తుంది. హారిక్కా అనే రెండు చెవుల చెక్క పాత్రలో పోసి ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. గ్యాసు దాదాపు ఉండదు. సీసాలో బుసలు కొడుతుంటే అది సహ్తి గొప్పతనం కాదు, చెడిపోవడం మొదలైందని.

నేలమాళిగ నుంచి బయటికి తెచ్చిన సహ్తిని గదిలో రెండు రోజులు ఉంచితే తరవాణి వాసన కొడుతుంది. తరవాణి తరవాణిగా మంచిదే, సహ్తిగా పనికిరాదు. కొనుక్కున్నా అంతే: చల్లటి అర నుంచి తీసి చల్లటి పెట్టెలోకే మార్చాలి. విమానంలో ఇంటికి తెచ్చుకోవాలన్న ఆశ వదులుకోవడం మంచిది.

ఐదో రోజు, ఏప్రిల్ 28: పదస్‌యోకి

లమ్మి నుంచి గంట లోపు ఈశాన్యంగా వెళితే పైయన్నె సరస్సు ఒడ్డున పదస్‌యోకి. దారి పొడవునా తెల్లటి బోదెల భూర్జ అడవి. మన పాత తాళపత్రాల కాలంలో ఉత్తరాదిన రాతకు వాడిన భూర్జపత్రం హిమాలయాల భూర్జ చెట్టు బెరడు. ఇది దానికి దగ్గరి చుట్టమే.

రసాన్ని మహ్లా అంటారు. నేలలో మంచు వీడి, మొగ్గ ఇంకా విచ్చుకోని రెండు మూడు వారాలే దాని కాలం. వేళ్లు నీటిని పైకి తోసే ఒత్తిడితో వస్తుంది కాబట్టి చెట్టు మొదట్లోనే, మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్యన బెజ్జం పెడతారు. కనీసం 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చెట్టు, ఒకే బెజ్జం, 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతు, బయటికి జారేలా కొద్దిగా ఏటవాలు. గొట్టం బిగించి మూత ఉన్న డబ్బాలోకి వదిలితే మంచి చెట్టు రోజుకు ఐదు లీటర్లయినా ఇస్తుంది. ఇక్కడ అడవిలో బెర్రీలు, పుట్టగొడుగులు ఎవరైనా ఏరుకోవచ్చు, కానీ మహ్లా తీయడం ఆ హక్కులో లేదు. స్థలం సొంతదారును అడిగి తీరాలి.

రుచి? నీళ్లు. బాగా శ్రద్ధపెడితే చివర్లో కొంచెం తీపి. చక్కెర ఒక శాతం అటూ ఇటూ, అంతే. తాటి చెట్టు రసంలో పది శాతం పైనే ఉంటుంది. తెల్లవారి దించింది సాయంత్రానికి కల్లై కూర్చుంటుంది, ఆపాలంటే కుండ లోపల సున్నం పూయాలి. ఇక్కడ దానంతట పులిసి మత్తెక్కేంత చక్కెరా లేదు, వేడీ లేదు. గదిలో మూడు రోజులు వదిలితే కల్లు కాదు, పాచినీళ్లు అవుతుంది. చెట్టు అదే పని చేస్తోంది, దేశం వేరు. ఉత్తరాన ప్రతి పానీయం కథా చక్కెర ఎక్కడి నుంచి తేవాలన్నదే: సిమాలో దుకాణం నుంచి, సహ్తిలో గింజను మొలకెత్తించి, ఇక్కడ మళ్లీ దుకాణం నుంచి.

మహ్లా వైనుకు పది లీటర్ల తాజా రసం ఒక్క పొంగు రానిచ్చి, రెండు కిలోల పంచదార, రెండు నిమ్మకాయల రసం, పావు కిలో తరిగిన కిస్‌మిస్‌లు వేసి, 20 డిగ్రీలకు చల్లార్చి వైను ఈస్టు వేస్తారు. లీటరుకు 17 గ్రాముల చక్కెర ఒక శాతం మత్తునిస్తుందన్న లెక్కన ఇది 11 శాతం దగ్గర నిలుస్తుంది. ఈస్టు పోషక లవణం చిటికెడు తప్పనిసరి. రసంలో నత్రజని చాలా తక్కువ, ఆకలేసిన ఈస్టు కుళ్లిన కోడిగుడ్డు వాసన వదులుతుంది. మొగ్గ విప్పాక తీసిన రసం మసకగా, చేదుగా ఉంటుంది. దాన్ని ఎంత పంచదారా బాగుచేయలేదు.

ఆరో రోజు, ఏప్రిల్ 29: తంపెరె

పల్లె దారుల్లో పడమరగా వెళితే మధ్యాహ్నానికి తంపెరె. ఇక్కడ చూడాల్సింది ఇళ్ల అడుగు గదుల్లో గాజు జాడీలు. పోయిన ఆగస్టులో కోసి ఫ్రీజర్లో పెట్టిన నల్ల కరెంట్ బెర్రీలు అనే పుల్లటి చిన్న పండ్లతో శీతాకాలమంతా వైను పులుస్తుంది. ఫ్రీజర్ ఇక్కడ నిలవ పెట్టె ఒక్కటే కాదు, పనిముట్టు కూడా. గడ్డకట్టి కరిగిన పండు కణాలు చిట్లి రసం తేలిగ్గా వదులుతుంది.

నల్ల కరెంట్‌లో రంగుకూ వాసనకూ లోటులేదు, పులుపే భరించలేం. కిలోకు 30 గ్రాములకు పైగా ఆమ్లం. తాగదగ్గ వైనులో లీటరుకు 6 నుంచి 9 గ్రాములే ఉండాలి. అంటే నీళ్లు కలపక తప్పదు, కలిపితే చక్కెర పల్చబడుతుంది, మళ్లీ పంచదార. పది లీటర్లకు మూడు కిలోల పండు, దాదాపు 1.8 కిలోల పంచదార, తక్కినది నీళ్లు. అచ్చమైన రసంతో చేసి చూపిస్తానని పంతం పట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల వైను మాంసం కూరలో వేసుకోవచ్చు.

పండు చిదిమి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పది లీటర్లకు గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి ఒక రోజు వదలాలి. అడవి ఈస్టులు, బాక్టీరియా అణుగుతాయి. పెక్టిన్‌ను విరిచే ఎంజైము కూడా పడాలి, లేకపోతే కరెంట్ బెర్రీ జామ్‌లా జిగురెక్కి ఎన్నటికీ తేటపడదు. మర్నాడు ఈస్టు, మూడో వంతు పంచదార. మిగతా పంచదార రెండు దఫాలుగా, మూడేసి రోజుల తేడాతో. అంతా మొదటే వేస్తే ఆ చిక్కదనంలో ఈస్టు ఒంట్లో నీరు పోయి మొరాయిస్తుంది. నాలుగైదు రోజులు పిప్పితోనే ఉంచి రోజుకు రెండుసార్లు అదిమి, తరవాత పిండి జాడీలోకి వడకట్టి, లోపలి గ్యాసును పోనిచ్చి బయటి గాలిని రానివ్వని నీటి మూత బిగించాలి. గది 18–22 డిగ్రీలు ఉండాలి. జాడీని కిటికీ పక్కన చల్లటి నేల మీద పెట్టినప్పుడే సగంలో ఆగిపోతుంది. ఆగిందా అయిపోయిందా అని తేల్చేది హైడ్రోమీటరే, బుడగలు కాదు. సగంలో ఆగినదాన్ని అయిపోయిందనుకుని సీసాల్లో బిగిస్తే, వేసవిలో ఒక వెచ్చటి రాత్రి సీసాలు పేలతాయి.

ఒకటి చెప్పుకోవాలి. ద్రాక్ష వైనును చలిలో పెడితే అడుగున గాజు రవ్వలాంటి స్ఫటికాలు దిగుతాయి, అది టార్టారిక్ ఆమ్లం లవణం. కరెంట్ వైనులో అది రాదు, ఎందుకంటే దాని పులుపంతా ప్రధానంగా నిమ్మ ఆమ్లం. బయట మంచులో పెట్టినా మడ్డి దిగుతుంది తప్ప స్ఫటికం దిగదు.

ఎర్రటి లింగన్‌బెర్రీ, పువోలుక్కా, వేరే జాతకం. ఇందులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంది, జాముల్లో నిలవకు వేసే పదార్థమే. అందుకే పాతకాలంలో ఈ పండ్లను ఉత్త నీళ్లు పోసి చెక్క పీపాలో శీతాకాలమంతా నిలవ ఉంచేవాళ్లు. బూజు పట్టని పండులో ఈస్టూ బతకదు, వైనుకు అదే తంటా. దానికి ఉపాయం ముందుగా ఒక లీటరు ఆపిల్ రసంలో ఈస్టును జోరుగా పొంగనిచ్చి, ఆ తోడులో పల్చబరిచిన లింగన్‌బెర్రీ రసాన్ని రోజుకు కొంచెం చొప్పున అలవాటు చేయడం. పొడి ఈస్టు పొట్లం నేరుగా రసం మీద చల్లి వారం ఎదురుచూసినవాళ్లకు రసమే మిగులుతుంది.

ఏడో రోజు, ఏప్రిల్ 30: ఒల్కిలువోతో

పడమటి తీరంలో రౌమా, చెక్క ఇళ్ల పాత పేట, 1991 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దానికి కొంచెం ఉత్తరాన ఎవురయోకి పరిధిలో ఒల్కిలువోతో ద్వీపం. ఇక్కడ అణువిద్యుత్ కేంద్రం ఉంది, 2023లో మూడో రియాక్టరు పూర్తిస్థాయిలో నడవడం మొదలైంది. రియాక్టర్లను చల్లబరచి సముద్రంలోకి వెళ్లే నీరు సుమారు పది డిగ్రీలు వెచ్చబడి ఉంటుంది. ఆ నీటిని గొట్టాల్లో నేల కింద పారించి ఒక చిన్న ద్రాక్షతోట పెంచారు. ఆవరణలోకి ఎవరికి పడితే వారికి దారి ఉండదు, సందర్శకుల కేంద్రం మాత్రం ఉంది.

రకం జిల్గా. లాత్వియాలోని ద్వియెతెలో పౌల్స్ సుకత్నియెక్స్ అనే ఆయన 1964లో పెంచిన సంకరం. అముర్ లోయ అడవి ద్రాక్ష చలిని తట్టుకునే గుణాన్ని, అమెరికా లబ్రుస్కా ద్రాక్ష దిగుబడిని, ఐరోపా ద్రాక్ష రుచిని కొంత కొంత తీసుకుంది. వెచ్చటి నేల లాభం వేరుకే. పైన గాలి సముద్రపు గాలే. తీగను చంపేది జనవరి చలి మాత్రమే అనుకుంటే పొరపాటు. దాన్ని తట్టుకోవడానికి తీగను అక్టోబరులో కత్తిరించి, నేలకు వంచి, స్ప్రూస్ కొమ్మలు కప్పుతారు. మంచు పైన పడితే అదే దుప్పటి. కత్తిరింపు అప్పుడే ముగించాలి. ఇప్పుడు, ఏప్రిల్ ఆఖరున కోస్తే గాటు నుంచి నీరు కారిపోతూనే ఉంటుంది. అసలు భయం హల్లా, అంటే జూన్ మొదటి వారంలో కూడా పడే ఒక్క రాత్రి గడ్డ చలి. చిగురు అప్పటికి వేలెడు ఉంటుంది. నేలను ముందే వెచ్చబెట్టి చిగురును తొందరపెట్టడం ఈ లెక్కన కత్తి మీద సామే.

కోత సెప్టెంబరులో. పండులో చక్కెర తక్కువ, మాలిక్ ఆమ్లం ఎక్కువ, పచ్చి ఆపిల్ కొరికినట్టు. పంచదార కలపాలి, తరవాత మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్‌గా మార్చే బాక్టీరియా వదలాలి. ఆ బాక్టీరియా 18 డిగ్రీల కింద నిద్రపోతుంది, కాబట్టి ద్రాక్ష పండించడానికి వేడి కావాలి, వైను పులుపు తగ్గించడానికీ వేడి కావాలి. ఇంత చేసినా లబ్రుస్కా వాసన కొద్దిగా మిగిలే ఉంటుంది. ముచ్చట కోసమైతే ఈ తోట చూడదగ్గదే. తాగడం కోసమైతే నల్ల కరెంట్ ముందు ఇది నిలబడదు.

సాయంత్రం ఆరింటికి హెల్సింకిలో వప్పు వేడుకగా విద్యార్థులు హవిస్ అమండా విగ్రహానికి తెల్ల టోపీ పెడతారు. అందుకోవాలంటే మధ్యాహ్నానికే కారెక్కాలి, దారి 240 కిలోమీటర్ల పైనే.

ఎనిమిదో రోజు, మే 1: హెల్సింకి

ఫ్రిజ్‌లో సీసాలు తీసి వెలుగులో పట్టుకోండి. కిస్‌మిస్‌లు మూడొంతులు పైన, ఒకటి రెండు మధ్యలో ఎటూ తేల్చుకోలేక తిరుగుతుంటాయి. మూత నెమ్మదిగా, ఒక చుట్టు తిప్పి ఆగి, మళ్లీ తిప్పాలి. మత్తు ఒక శాతానికి అటూ ఇటూ, తీపి ఇంకా చాలా ఉంటుంది. అది తప్పు కాదు, సిమా అలాగే ఉండాలి. తీపి లేనిదాకా పులియనిస్తే ఈస్టు నీళ్లు మిగులుతాయి. కిస్‌మిస్‌లు ఒక్కటీ లేవకపోతే ఫ్రిజ్ మరీ చల్లగా ఉందని అర్థం. సీసాలు రాత్రంతా గదిలో పెడితే పొద్దుటికి లేస్తాయి.

దీనితో తినేది తిప్పలెయిపా. నూనెలో పల్చటి పిండి ధారను గజిబిజిగా చుట్టి వేయిస్తారు, చూడటానికి పాకంలో వేయని జాంగ్రీ. పైన పంచదార పొడి. కైవోపుయిస్తో పార్కులో, గాలి ఎంత చల్లగా ఉన్నా, దుప్పట్ల మీద కూర్చుని ఇవే తింటారు. నూనె 180 డిగ్రీలు లేకపోతే తిప్పలెయిపా నూనె తాగి మెత్తబడుతుంది, మన జంతికల్లాగే.

సిమా ఫ్రిజ్‌లో ఇంకో వారం నిలుస్తుంది, రెండు రోజులకోసారి బుస తీస్తూ ఉంటే. లమ్మి నేలమాళిగలోని సహ్తికి ఇంకా వారం తక్కువ. తంపెరె జాడీల్లో కరెంట్ వైనుకు ఈ నెలలో ఒకసారి మడ్డి వదిలి జాడీ మార్చాలి. పదస్‌యోకిలో మొగ్గలు విచ్చుకుంటుంటే బెజ్జాలకు గొట్టాలు తీసేస్తున్నారు.